టీచర్ల పనితీరుకు న్యాయంగా మార్కులు వేసేలా ప్రిన్సిపాళ్లకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

కావలి, నెల్లూరు చుట్టుపక్కల నాలుగు స్కూళ్లు నడుపుతున్నామని మీరు రాశారు. ఒక ప్రిన్సిపాల్ అందరికీ పదికి తొమ్మిది వేస్తుంటే, ఇంకొకరు ఆరు దాటనివ్వడం లేదని, ఇంక్రిమెంట్లు ఆ మార్కులను బట్టే ఇవ్వడంతో టీచర్లు నొచ్చుకుంటున్నారని రాశారు. నేను ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒంగోలు, కందుకూరు వైపు ప్రైవేటు స్కూళ్ల ప్రిన్సిపాళ్లకు ఈ పనిలోనే శిక్షణ ఇస్తున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, కొత్త ఫారం తయారు చేయించే పని పెట్టుకోకండి. యాజమాన్యాలు చాలావరకు అక్కడే మొదలుపెడతాయి. ఫారంలో ముప్పై అంశాలు పెట్టినా, ప్రిన్సిపాల్ మనసులో ముందే అనుకున్న మార్కునే ముప్పై గళ్లలోకి సర్దేస్తారు. వాళ్లకు నేర్పాల్సింది చూసింది చూసినట్టు రాయడం. మార్కు సంగతి ఆ తర్వాత.

నేనైతే టీచర్ అనుమతితో తీసిన పాఠం వీడియో ఓ పావుగంట చూపిస్తాను. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరి మార్కు వాళ్లు వేయాలి. ఒకసారి ఏడో తరగతి భిన్నాల పాఠం చూపిస్తే మార్కులు నాలుగు నుంచి తొమ్మిది దాకా వచ్చాయి. నాలుగు వేసినాయన "క్లాసు మీద కంట్రోల్ లేదు" అని రాశారు. ఏం చూసి అలా రాశారు సార్ అని అడిగితే "ఒకటే గోల కదండీ" అన్నారు. సరే, ఆ గోల ఏంటో విందామని వీడియో వెనక్కి తిప్పాను. వెనక బెంచీలో ముగ్గురు పిల్లలు, మూడింట రెండు వంతులు పెద్దదా, ఐదింట మూడు వంతులు పెద్దదా అని కాగితం పట్టీలు మడతపెట్టి వాదించుకుంటున్నారు. టీచరమ్మ వాళ్ల దగ్గరికొచ్చి జవాబు చెప్పలేదు. "పట్టీలు రెండూ ఒకే పొడవున్నాయా?" అని అడిగి ముందుకెళ్లింది. భిన్నాల పాఠంలో అంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది! తొమ్మిది వేసినావిడ కూడా ఆ ప్రశ్న వినలేదు. టీచర్ ఇంగ్లీషు బాగుందని వేశారు.

ఇంగ్లీషు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. మన ప్రైవేటు స్కూళ్లలో ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే టీచర్‌కి పాఠం ఎలా ఉన్నా ఒకటి రెండు మార్కులు అదనంగా పడిపోతున్నాయి. తెలుగు కలిపి చెప్పి పిల్లలకు విషయం అందేలా చేసిన టీచర్‌కి ఆ మేరకు తగ్గుతున్నాయి. గొంతు చిన్నదైన కొత్త టీచరమ్మకీ ఇదే అన్యాయం జరుగుతోంది. ప్రిన్సిపాళ్లకు ఇది ఉపన్యాసం చెబితే ఎక్కదు. వాళ్ల సొంత మార్కులు బోర్డు మీద రాసి, ఏం చూసి వేశారో ఒక్కొక్కరినీ అడిగితే వాళ్లకే తెలిసిపోతుంది.

రాసే పద్ధతి తేలికే. కాగితం మీద రెండు వరసలు, ఎడమవైపు టైము, కుడివైపు జరిగింది. "10.20: బోర్డు మీద లెక్క చేశారు. అర్థమైందా అన్నారు. అందరూ అయింది మేడం అన్నారు. 10.24: కిటికీ పక్క అబ్బాయి నోట్సులో అదే లెక్క తప్పు. ఎవరూ చూడలేదు." ఇలా ఉండాలి. బాగుంది, చురుగ్గా ఉన్నారు, శ్రద్ధ లేదు లాంటి మాటలు ఆ కాగితం మీద రాయకూడదు. కాగితం నిండాక, ఎలాంటి పాఠానికి మూడు, ఎలాంటి దానికి నాలుగు అని నలుగురూ కలిసి ఒప్పుకున్న వివరణ దగ్గర పెట్టుకుని అప్పుడు మార్కు వేయాలి.

ప్రపంచ బ్యాంకు 2019లో తెచ్చిన టీచ్ అనే పరిశీలన పద్ధతి ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. పదిహేనేసి నిమిషాల చొప్పున రెండుసార్లు చూసి, ఒక్కో అంశానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. వీడియోలు చూసి మార్కులు వేసే పరీక్ష నెగ్గితేనే పరిశీలనకు పంపుతారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ స్కూళ్లలో చదువు మెరుగుపరచడానికి తెచ్చిన సాల్ట్ పథకం కింద దీని మీద శిక్షణలు జరిగాయి. మీ ప్రిన్సిపాళ్లకూ అలాంటి పరీక్ష పెట్టండి. వేసిన మార్కులు మిగతావాళ్ల మార్కులకు దగ్గరగా వచ్చేదాకా ఎవరికీ ఇంక్రిమెంటు మార్కులు వేసే పని ఇవ్వకండి.

ఎంత శిక్షణ ఇచ్చినా ఒక్కరి కన్ను చాలదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని హిల్స్‌బరో కౌంటీ టీచర్ల పాఠాల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, ప్రిన్సిపాళ్లు సొంత స్కూలు టీచర్లకు బయటివాళ్లకంటే కాస్త ఎక్కువే వేశారని తేలింది. ఒకే మనిషి ఇంకోసారి చూడటం కంటే రెండో పాఠాన్ని వేరే మనిషి చూస్తే మార్కు ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటుందనీ తేలింది. మీకు నాలుగు స్కూళ్లున్నాయి కాబట్టి ఇది తేలికే. కావలి ప్రిన్సిపాల్ నెల్లూరులో, నెల్లూరు ప్రిన్సిపాల్ కావలిలో ఒక్కో పాఠం చూడాలి. రోజూ కలిసి టీ తాగే టీచర్‌కి తక్కువ వేయలేక, ఎదురు మాట్లాడే టీచర్‌కి ఎక్కువ వేయలేక ఇబ్బందిపడే ప్రిన్సిపాల్‌కి కూడా ఇది ఊరట.

పిల్లల పరీక్ష మార్కులను టీచర్ మార్కుల్లో కలిపేటప్పుడు మరీ జాగ్రత్త. కొండపి వైపు పొగాకు పనుల రోజుల్లో, పడమటి మండలాల నుంచి మిరప కోతలకు కుటుంబాలు వలసపోయే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ పిల్లల మార్కులు చూపించి టీచర్‌ని తక్కువ చేయడం ఎంత తప్పో, మీ స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ టీచర్‌ని, మామూలు సెక్షన్ టీచర్‌ని ఒకే గాటన కట్టడమూ అంతే తప్పు. జూన్‌లో పిల్లలు ఎక్కడున్నారో ఒక చిన్న పరీక్ష పెట్టి రాసిపెట్టుకోండి. ఏడాది చివర అక్కడి నుంచి ఎంత కదిలారో చూడండి. ఒకటి రెండు పరీక్షల తేడాకే కంగారుపడొద్దు.

చూసొచ్చాక మాట్లాడటం కూడా నేర్పాలి. ఒకరు టీచర్‌గా, ఒకరు ప్రిన్సిపాల్‌గా కూర్చుని సాధన చేయాలి. అదే రోజు, స్టాఫ్ రూములో నలుగురి ముందు కాకుండా విడిగా మాట్లాడాలి. "ఇంకా బాగా చెప్పాలమ్మా" అంటే ఆమెకు ఏం చేయాలో తెలియదు. "మీరు పద్నాలుగు ప్రశ్నలు అడిగారు, పదకొండింటికి ముందు రెండు వరసలే జవాబు చెప్పాయి" అంటే రేపే మార్చుకోగలదు. అలా చెప్పిన ప్రిన్సిపాల్‌ని టీచర్లు నమ్మడం నేను చూశాను.

మొదటి టర్ములో చూసిన పాఠాలకు మార్కులు వద్దు, సలహాలు మాత్రమే. రెండో టర్ము నుంచి మార్కులు. రాసిన కాగితం కాపీ టీచర్‌కి ఇవ్వాలి, కింద తన మాట రాసుకోవడానికి చోటుండాలి. మార్కు ఒప్పుకోని టీచర్ అడిగితే ఇంకో స్కూలు ప్రిన్సిపాల్ వచ్చి మరో పాఠం చూడాలి. ఈ ఏర్పాటంతా జూన్‌లో స్కూళ్లు తెరిచిన మొదటి వారంలోనే టీచర్లందరినీ కూర్చోబెట్టి చెప్పేయండి.