గేటు లేని టోల్‌కి డబ్బు ఎక్కడ కట్టాలి?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు: పరాయి దేశపు రహదారుల మీద కారు నడిపేవారికి

ప్రశ్న: అమెరికాలో అద్దె కారులో గోల్డెన్ గేట్ వంతెన దాటాం. ఎక్కడా టోల్ బూత్ లేదు, ఎవరూ ఆపలేదు. కారు తీసుకునేటప్పుడు కౌంటర్లో ఏదో టోల్ ప్యాకేజీ అంటగట్టబోతే వద్దన్నాం. ఇప్పుడు మేం టోల్ ఎగ్గొట్టినట్టేనా?

జవాబు: ఇంకా కాదు. కానీ గడియారం నడుస్తోంది. ఆ వంతెన మీద 2013 మార్చి నుంచి నగదు తీసుకునే మనిషి లేడు, అంతా కెమెరాలే. ముందు మీరు ఏ దిక్కుగా దాటారో గుర్తు చేసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోకి, అంటే దక్షిణం వైపు వచ్చేవారికే టోల్. ఉత్తరానికి వెళ్లడం ఉచితం. నగరంలోకి వచ్చి ఉంటే మీ నంబర్ ప్లేట్ ఫొటో పడింది. దాటిన 48 గంటల్లోగా కాలిఫోర్నియా టోల్ వసూలు వ్యవస్థ అయిన ఫాస్‌ట్రాక్ అధికారిక సైట్‌లో ఒక్కసారి చెల్లింపు అనే పద్ధతిలో ప్లేట్ నంబర్, కారు రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానిది, దాటిన తేదీ ఇచ్చి కార్డుతో కట్టేయవచ్చు. దాటబోయే 30 రోజుల ముందు నుంచే కట్టుకునే వీలు కూడా ఉంది. రాష్ట్రం గడి దగ్గర చాలామంది తడబడతారు. కాలిఫోర్నియాలో అద్దెకు తీసుకున్న కారుకు కాలిఫోర్నియా ప్లేటే ఉండాలని లేదు. కారు వెనక్కి వెళ్లి చూసి రాసుకోండి.

గడువు దాటిందా, బిల్లు ప్లేట్ ఎవరి పేరున ఉందో వారికి వెళ్తుంది. అంటే అద్దె సంస్థకు. వాళ్లు టోల్ కట్టి, దాని మీద తమ నిర్వహణ రుసుము వేసి, మీరు ఇచ్చిన కార్డులోంచి లాగుతారు. బూత్ లేని రోడ్ల మీద కొత్తవారి జేబుకు చిల్లు పెట్టేది చాలాసార్లు ఈ రుసుమే. టోల్ దాని ముందు చిన్నది.

ప్యాకేజీ సంగతి. దాన్ని వద్దనడం తప్పు కాదు, అడగకుండా వద్దనడం తప్పు. కౌంటర్లో మూడు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, రుసుము టోల్ రోడ్డు ఎక్కిన రోజుకేనా, లేక ఒక్కసారి ఎక్కినా అద్దె రోజులన్నిటికీనా. రెండు, ఆ రుసుములో టోల్ కలిసి ఉందా, లేక టోల్ వేరేనా. మూడు, ప్యాకేజీ తీసుకోకుండా టోల్ రోడ్డు ఎక్కితే ఏం వసూలు చేస్తారు. వారంలో రెండు వంతెనలు దాటేవారికి చాలావరకు ప్యాకేజీ దండగ, ఎవరికి వారు సైట్‌లో కట్టుకోవడం మేలు. రోజూ టోల్ రోడ్ల మీదే తిరిగేవారికి అదే నయం. అన్నట్టు, దారి చూపే యాప్‌లో టోల్ రోడ్లు వద్దు అని ముందే పెట్టుకోవచ్చు గానీ, ఒక మలుపు తప్పినప్పుడు మళ్లీ టోల్ రోడ్డు మీదికే తీసుకెళ్లదన్న హామీ లేదు. పచ్చ, నీలం బోర్డుల మీద టోల్ అన్న మాట కనిపిస్తోందేమో కళ్లతో చూసుకోవాల్సిందే.

ఫ్లోరిడాలోని ఓర్లాండో విమానాశ్రయంలో దిగేవారికి ఒక మంచి ఏర్పాటుంది. విజిటర్ టోల్ పాస్ అని, అద్దానికి తగిలించుకునే ట్యాగ్ ఉచితంగా ఇస్తారు. యాప్‌లో కార్డు, అద్దె కారు ప్లేట్ నమోదు చేసి, విమానాశ్రయంలోని యంత్రం నుంచి ట్యాగ్ తీసుకుని, తిరుగు ప్రయాణంలో అక్కడి పెట్టెలో వేసి రావాలి. రోజువారీ రుసుము లేదు. వెళ్లే ఊరు అదే అయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. తన కారులోని ఈజీ పాస్ డబ్బా (టోల్ దానంతటదే కట్టే ట్యాగ్) మా అద్దె కారులో పెట్టుకోమంటోంది. పని చేస్తుందా?

జవాబు: పని చేస్తుంది, మూడు జాగ్రత్తలతో. మీరు తీసుకున్న కారు ప్లేట్‌ను ఆమె తన ఖాతాలో చేర్చాలి, మొదలు తేదీ, ముగింపు తేదీ వేసి మరీ. డబ్బా సిగ్నల్ అందకపోతే వ్యవస్థ ప్లేట్ ఫొటో చూసి ఖాతాను వెతుక్కుంటుంది. ప్లేట్ ఖాతాలో లేకపోతే బిల్లు అద్దె సంస్థకు పోతుంది. రెండోది, అద్దె కారు ముందు అద్దం మీద చాలాసార్లు సంస్థవారి సొంత ట్యాగ్ ఉంటుంది, జరిపే మూత ఉన్న చిన్న పెట్టెలో. ఆ మూత మూసి ఉందో లేదో చూడండి. తెరిచి ఉంటే రెండు ట్యాగ్‌లూ పలికి రెండుసార్లు డబ్బు పోతుంది. మూడోది అందరూ మరిచిపోయేది: కారు అప్పగించిన రోజే ఆ ప్లేట్‌ను ఖాతా నుంచి తీసేయాలి. లేదంటే ఆ కారును తర్వాత తీసుకున్న వారి టోల్ మీ అమ్మాయి ఖాతాలో పడుతుంది.

డబ్బాను చేతిలో పట్టుకుని ఊపడం, డ్యాష్‌బోర్డు మీద పడేయడం కుదరదు. వెనక చూపే అద్దం వెనక, ముందు గ్లాసుకు అంటించాలి. తూర్పు తీరంలో చాలా రాష్ట్రాల్లో, ఫ్లోరిడాతో సహా, ఇది చెల్లుతుంది. కాలిఫోర్నియాలో చెల్లదు. అక్కడిది ఫాస్‌ట్రాక్, వేరే వ్యవస్థ.

ప్రశ్న: ఫ్రాన్స్, ఇటలీలలో టోల్ గేట్ల దగ్గర ఏ వరుసలో వెళ్లాలో తెలియక కంగారు. వెనక కార్ల హారన్లు. గుర్తులు వివరిస్తారా?

జవాబు: ఈ రెండు దేశాల్లో పాత పద్ధతి ఇంకా బాగానే నడుస్తోంది. రహదారి ఎక్కేచోట యంత్రం నుంచి టికెట్ తీసుకోవాలి, దిగేచోట ఆ టికెట్ పెట్టి దూరాన్ని బట్టి కట్టాలి. కొన్నిచోట్ల టికెట్ లేకుండా ఒకే రేటు.

ఫ్రాన్స్‌లో తల మీద పచ్చ బాణం ఉన్న వరుస అందరిదీ. కార్డు బొమ్మ ఉన్నది కార్డుకు. నారింజ రంగు 'టి' అక్షరం ఒక్కటే ఉంటే అది ట్యాగ్ ఉన్నవారికి మాత్రమే. ఇటలీలో పసుపు రంగు టెలిపాస్ వరుసలోకి ట్యాగ్ లేకుండా అస్సలు వెళ్లకండి. నీలం బోర్డు కార్డులకు, చేతిలో నోట్లు, నాణేల బొమ్మ ఉన్న తెల్ల బోర్డు నగదుకు. గేటుకు అరకిలోమీటరు ముందే వేగం తగ్గించి వరుస ఎంచుకుంటే కంగారు సగం పోతుంది. చివరి క్షణంలో వరుస మారబోయినప్పుడే గుద్దుకోవడాలు.

తప్పు వరుసలో ఇరుక్కున్నారనుకోండి. వెనక్కి మాత్రం రావద్దు. ఇటలీలో టోల్ గేటు దగ్గర వెనక్కి నడపడం పెద్ద జరిమానా పడే తప్పు, ప్రమాదం సరేసరి. యంత్రం మీద సహాయం బటన్ ఉంటుంది. నొక్కి ఆగండి. అవతలి మనిషి భాష రాకపోయినా కెమెరాలో కారును చూస్తుంటాడు. ఇటలీలో కార్డు పనిచేయక, నగదు లేకపోతే యంత్రం ఒక చీటీ ఇచ్చి అడ్డకర్ర ఎత్తుతుంది. అది రసీదు కాదు, అప్పు పత్రం. దాని మీద ఉన్న నంబరుతో 15 రోజుల్లోగా కట్టాలి.

టికెట్ పోతే? రెండు దేశాల్లోనూ ఆ గేటుకు ఎక్కువలో ఎక్కువ దూరం నుంచి వచ్చినట్టు లెక్కకట్టి వసూలు చేస్తారు. పక్క సీటులోని వారికి ఒకే ఒక్క పని అప్పగించండి: టికెట్ మడవకుండా, చాక్లెట్ కాగితాల్లో కలవకుండా కాపాడటం.

ఇంకో చిక్కు, బండి ఎత్తు. ఫ్రాన్స్‌లో రెండు మీటర్ల లోపు ఎత్తు, 3.5 టన్నుల లోపు బరువు ఉంటే ఒకటో తరగతి. రెండు దాటి మూడు మీటర్ల లోపైతే రెండో తరగతి, రేటు ఎక్కువ. మామూలు కారుకు యంత్రం పొరబడి రెండు అని చూపిస్తే డబ్బు కట్టకముందే సహాయం బటన్ నొక్కి సరిచేయించుకోండి. కట్టేశాక తిరిగి రాబట్టడం పెద్ద తతంగం.

కార్డు విషయంలో రెండు వేర్వేరు బ్యాంకులవి దగ్గర ఉంచుకోండి. విదేశీ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో తెరిచి ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి. యంత్రం ముందు నిలబడి ఫోన్‌లో వచ్చే ఓటీపీ కోసం ఎదురుచూసే ఏర్పాటు అక్కడ ఉండదు. ఇరవై యూరోల దాకా చిన్న నోట్లు, నాణేలు ఉంటే నిశ్చింత.

ప్రశ్న: మ్యూనిక్‌లో కారు తీసుకుని ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మీదుగా ఇటలీ వెళ్తున్నాం. స్విట్జర్లాండ్‌లో ఉండేది ఒక్క పూటే. ఒక్కరోజు స్టిక్కర్ దొరుకుతుందా?

జవాబు: దొరకదు. స్విట్జర్లాండ్‌లో ఏడాది విన్యెట్ (మీరన్న రహదారి రుసుము స్టిక్కర్ పేరే అది) ఒక్కటే, 40 ఫ్రాంకులు. ఒక పూటకైనా అంతే. అది ఏ ఏడాదిదైతే దానికి ముందటి ఏడాది డిసెంబర్ 1 నుంచి తర్వాతి ఏడాది జనవరి 31 వరకు, మొత్తం 14 నెలలు చెల్లుతుంది. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, దానికి తోడు విన్యెట్ ఖరీదు. కారు వెనక ట్రైలర్ తగిలిస్తే దానికి వేరే విన్యెట్. గోట్‌హార్డ్ రోడ్డు సొరంగం ఇందులోనే కలిసి ఉంది. గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ సొరంగానికి మాత్రం విడిగా కట్టాలి.

2023 ఆగస్టు నుంచి ఎలక్ట్రానిక్ విన్యెట్ కూడా వచ్చింది. స్టిక్కర్ కారుకు అంటుకుని ఉంటుంది, ఎలక్ట్రానిక్‌ది ప్లేట్ నంబరుకు. అద్దె కారులో వెళ్లేవారు ముందుగా అద్దం మీద ఈ ఏడాది స్టిక్కర్ ఉందేమో చూడండి, సంస్థను అడగండి. స్విట్జర్లాండ్‌లోనే తీసుకున్న కారుకు మామూలుగా ఉంటుంది. జర్మనీలో తీసుకున్నదానికి ఉంటుందని అనుకోవద్దు. కొన్న స్టిక్కర్‌ను అంటించకుండా డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంటే కొననట్టే లెక్క.

ఆస్ట్రియా కాస్త దయగలది. ఒక రోజు, పది రోజులు, రెండు నెలలు, ఏడాది అని నాలుగు రకాలున్నాయి. కానీ మీ దారిలో ఇటలీ వైపు బ్రెన్నర్ ఏ13 రోడ్డు పడితే దానికి విన్యెట్ చాలదు, వేరే టోల్ కట్టాలి. విన్యెట్ ఉందిగా అని ధీమాగా వెళ్లి అక్కడ నాలుక కరుచుకునేవారు చాలామంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెతుకులాటలో పైన కనిపించే సైట్లలో దళారులవి ఎక్కువ. అదే విన్యెట్‌ను అదనపు రుసుముతో అమ్ముతారు. ఆస్ట్రియాకు ఆస్ఫినాగ్, స్లొవేనియాకు దార్స్, స్విట్జర్లాండ్‌కు అక్కడి కస్టమ్స్ శాఖ వారి వియా పోర్టల్, ఇవీ అసలువి. ప్లేట్ నంబర్ కొట్టేటప్పుడు సున్నాకూ 'ఓ' అక్షరానికీ, ఒకటికీ 'ఐ' అక్షరానికీ తేడా చూసుకోండి. దేశం గడిలో మీ దేశం కాదు, కారు రిజిస్టరైన దేశం వేయాలి.

ప్రశ్న: జర్మనీలో మరి?

జవాబు: కార్లకు ఆటోబాన్ (అక్కడి జాతీయ రహదారి) మీద టోల్ లేదు. ల్యూబెక్‌లో హెరెన్, రోస్టాక్‌లో వార్నో అనే రెండు సొరంగాలకు మాత్రం ఉంది.

ప్రశ్న: బ్రిటన్, ఐర్లండ్‌లలో కూడా కెమెరా టోల్ అంటున్నారు. గడువు ఎంత?

జవాబు: లండన్ తూర్పున థేమ్స్ నది దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌లో 2014 నవంబర్‌లో బూత్‌లు తీసేశారు. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకే రుసుము. దాటిన మర్నాడు ముగిసే అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. మరిస్తే 70 పౌండ్ల జరిమానా నోటీసు, 14 రోజుల్లో కడితే సగం. డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 రోడ్డు మీద గడువు ఇంకా తక్కువ, మర్నాడు రాత్రి 8 గంటలు. ఫ్రాన్స్‌లోనూ ఏ79 మీద, ప్యారిస్ నుంచి నార్మండీ వెళ్లే ఏ13 మీద గేట్లు పోయాయి. అక్కడ 72 గంటలు. ఫ్రాన్స్ అంటే టికెట్టే అనుకుని వెళ్లేవారికి గేటు కనిపించదు, కట్టాలన్న ఆలోచనా రాదు. రోడ్డు పక్క కెమెరా బొమ్మతో ఉన్న బోర్డే హెచ్చరిక.

ఆస్ట్రేలియా సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో, బ్రిస్బేన్‌లో టోల్ రోడ్ల మీద నగదు అసలు లేదు. అద్దె కార్లకు ఎక్కువగా ట్యాగ్ బిగించే ఇస్తారు. మీరు వేరే పాస్ కొనే ముందు అడగండి.

ప్రశ్న: జపాన్‌లో ఊదారంగు వరుస, పచ్చ వరుస అంటే ఏమిటి?

జవాబు: ఊదారంగు బోర్డు ఈటీసీ (ఆగకుండా టోల్ కట్టే ఎలక్ట్రానిక్ పద్ధతి) కార్డు ఉన్నవారికి, పచ్చ బోర్డు నగదు, క్రెడిట్ కార్డు వారికి. అద్దె కారులో ఈటీసీ యంత్రం మామూలుగా ఉంటుంది, అందులో పెట్టే కార్డు మాత్రం అడిగి తీసుకోవాలి, కారు తిరిగి ఇచ్చేటప్పుడు టోల్ లెక్క కట్టాలి. టోక్యో నగర రహదారుల మీద ఈటీసీ వారికే పరిమితమైన ప్రవేశాలు పెరుగుతున్నందున కార్డు తీసుకోవడమే మంచిది. కార్డు పెట్టాక యంత్రం పలికిందో లేదో వినండి. గేటు దగ్గర గంటకు 20 కిలోమీటర్లకు మించకుండా, ముందు కారుకు దూరంగా వెళ్లండి. అడ్డకర్ర లేవకపోతే ఆగి ఇంటర్‌కామ్ బటన్ నొక్కాలి. వెనక్కి రావడం, దిగి నడవడం రెండూ వద్దు. పచ్చ వరుసలో టికెట్ తీసుకుని ఎక్కితే దిగేటప్పుడు కూడా పచ్చ వరుసే. ఈటీసీతో ఎక్కి పొరపాటున మనిషి ఉన్న వరుసకు వస్తే కార్డు అతని చేతికిస్తే సరి.

ప్రశ్న: తిరిగి వచ్చిన నెలకు 'మీ టోల్ బాకీ ఉంది, ఈ లింకులో కట్టండి' అని ఫోన్‌కు సందేశం వచ్చింది. కట్టాలా?

జవాబు: లింకు నొక్కకండి. ఇలాంటి మోసపు సందేశాల మీద అమెరికా ఎఫ్‌బీఐ 2024 ఏప్రిల్‌లో హెచ్చరిక ఇచ్చింది. అంత పెద్దగా ఆలోచించక్కర్లేదు: కెమెరా చూసింది ప్లేట్‌ను. అద్దె కారు ప్లేట్ సంస్థ పేరున ఉంది. మీరు ఖాతా తెరవనప్పుడు టోల్ సంస్థకు మీ ఫోన్ నంబర్ ఎక్కడిది? నిజమైన బాకీ అద్దె సంస్థ ద్వారానో, మీ కార్డు బిల్లు మీదో, చిరునామాకు ఉత్తరంగానో వస్తుంది.

అసలు బిల్లే నెలల తర్వాత రావచ్చు. అందుకే అద్దె ఒప్పందం, కారు తీసుకున్న సమయం, అప్పగించిన సమయం కనిపించే రసీదు, ప్లేట్ ఫొటో, ఆన్‌లైన్‌లో కట్టిన టోల్ రసీదులు కనీసం ఆరు నెలలు ఉంచండి. బిల్లులోని తేదీ, గంట, ప్లేట్ మీ దగ్గరున్న కాగితంతో సరిపోల్చండి. మీరు అప్పగించాక పడిన టోల్ ఉంటే ఆ రసీదు జతచేసి అద్దె సంస్థకు రాయండి. ఇప్పటికే మీరే కట్టేసిన టోల్‌ను వాళ్లు మళ్లీ వసూలు చేసి ఉంటే టోల్ రసీదు పంపితే చాలు. కారు అద్దె కోసం సంస్థకు ఇచ్చిన ప్రయాణ కార్డును ఇంటికి రాగానే ఖాళీ చేసి మూసేయకండి. వసూలు కాకపోతే బాకీ వసూలు ఏజెన్సీ చేతికి వెళ్తుంది, అక్కడ రుసుము మీద రుసుము.