పాల లెక్కలో ఎర్ర చుక్కలు

"రోజూ మనల్ని మనం గమనించుకుంటూ, ఇంట్లోవాళ్లతో ఇంకాస్త దయగా ఉండటం ఎలా అలవాటవుతుంది? మీ అనుభవం చెప్పండి" అని అడిగారు. నా విషయంలో ఇది ఫోన్‌లో ఉండిపోయిన ఒక కాల్ రికార్డింగ్‌తో మొదలైంది.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో, నా ఆఫీసు హైటెక్ సిటీలో. నాన్న లెక్కల టీచరుగా రిటైరయ్యారు, ఇప్పుడు 74 ఏళ్లు. అమ్మ పోయాక నల్గొండ నుంచి మా దగ్గరికి వచ్చేశారు. నా ఫోన్‌లో ప్రతి కాల్ రికార్డవుతుంది. ఒకరోజు లోన్ గురించి మాట్లాడిన కాల్ వెతుకుతుంటే పొరపాటున నాన్నతో మాట్లాడినది తెరుచుకుంది.

"గ్యాస్ అబ్బాయి వచ్చిండు బిడ్డా, బుక్కు యాడ ఉంది?"

"పొద్దున్నే చెప్పిన కద నాన్నా! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

నా గొంతు అంత కరుకుగా ఉంటుందని నాకు తెలియదు. "సరే సరే, పనిజేస్కో" అన్నారు నాన్న. కానీ ఫోన్ సరిగ్గా కట్ చేయలేదు. ఆ అబ్బాయితో చెబుతున్న మాట కూడా రికార్డయింది: "మా బిడ్డ మీటింగుల ఉన్నది బాబూ, రేపు రా." నేను అరిచిన సంగతి బయటివాడికి తెలియకుండా దాచారు. ఆ నాలుగు మాటలు ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

తర్వాత పదిరోజులు రాత్రిళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇది మీకు ముఖ్యంగా చెప్పాలి: తిట్టుకోవడం వల్ల నాలో ఏమీ మారలేదు. పడుకునే ముందు ఏడ్చేదాన్ని, మర్నాడు సాయంత్రం మళ్లీ అరిచేదాన్ని. "నేను మంచి కూతురినేనా?" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. "ఈరోజు ఎప్పుడు అరిచాను, అంతకు ముందు ఏం జరిగింది?" అని అడిగితే దొరుకుతుంది.

అందుకే మా వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో, నేను గొంతు పెంచిన ప్రతిరోజూ ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టాను. ఎవరి మీద, ఏ టైముకి అన్నది మాత్రం ఫోన్‌లో రాసుకున్నాను.

మొదటి నెలలో 17 చుక్కలు వచ్చాయి. దాదాపు అన్నీ పనిరోజుల్లోనే, అదీ రాత్రి ఎనిమిదీ తొమ్మిదీ మధ్యలో. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దారంతా నిలబడి ఇల్లు చేరే టైము అది. మధ్యాహ్నం ఒంటిగంటకి తిన్న డబ్బా తర్వాత కడుపులో టీ తప్ప ఏమీ ఉండదు. ఇంకా బాధపెట్టింది ఏమిటంటే, ఆ చుక్కలన్నీ నాన్న మీద, మా అబ్బాయి మీద. మా మేనేజర్ మీద ఒక్కటీ లేదు. ఆయన నన్ను ఎంత విసిగించినా "సరే సార్" అంటున్నాను. అంటే కోపం ఆపుకోవడం నాకు చేతకాక కాదు, ఇంట్లో ఆపుకోవాలని అనిపించక. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు పెద్దలు.

అప్పుడే నాన్నకి చెవి పరీక్ష చేయించాను. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నని, పదునైన శబ్దాలట. అచ్చుల ధ్వని వినిపిస్తుంది, స, త, ప, క లాంటి హల్లులు జారిపోతాయి. "పాలు" అన్నా "కాలు" అన్నా ఒకేలా ఉంటుంది. మనం అరిస్తే ఆ "ఆ" ఇంకా పెద్దదవుతుంది తప్ప మాట తేటపడదు. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, నెమ్మదిగా చెప్పమన్నారు. ఇన్నాళ్లూ నేను వంటింట్లో నుంచి, వీపు చూపిస్తూ మాట్లాడి, "వినవేం నాన్నా" అని కసిరాను.

మార్చుకున్నవి చిన్నవే. స్టేషన్ దిగగానే ఒక అరటిపండు తింటాను. ఇంట్లోకి వచ్చాక ముందు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నాన్న ముందు కూర్చున్నాకే నోరు తెరుస్తాను.

ఇక క్షమాపణ. "సారీ" సులువుగా వస్తుంది, "తప్పు నాదే నాన్నా" మాత్రం గొంతు దాటదు. అది కూడా క్యాలెండరే చెప్పించింది. మా ఇంట్లో పొద్దున పాలు తీసుకునేది నేను, పాలు రాని నాగాలు అదే క్యాలెండర్‌లో గుర్తుపెట్టేది నేను, నెలాఖరున లెక్క కట్టేది నాన్న. ఆయన ఆ ఎర్ర చుక్కలన్నీ నాగాలనుకుని 17 రోజుల డబ్బు కోసేశారు. పాలాయన గుమ్మంలో నిలబడి లబోదిబోమన్నాడు. నాన్న క్యాలెండర్ చేత్తో పట్టుకుని "చుక్కలు ఉన్నయ్ కదయ్యా" అంటున్నారు.

నాన్నని లోపలికి తీసుకెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "ఇవి పాలు రాని రోజులు కావు నాన్నా. నేను నీ మీద, చిన్నోడి మీద అరిచిన రోజులు. తప్పు నాదే" అన్నాను. "ఏంది బిడ్డా?" అన్నారు. గొంతు పెంచకుండా, నెమ్మదిగా మళ్లీ చెప్పాను. కాసేపు క్యాలెండర్ వైపే చూశారు. లేచి వెళ్లి పాలాయనకి మొత్తం డబ్బులు ఇచ్చి, "లెక్క నాదే తప్పయ్యా" అన్నారు.

ఇవాళ 22వ తేదీ. ఈ నెల చుక్కలు ఐదు, అందులో రెండు ఒకే వారంలో, ఆఫీసులో ఆడిట్ నడిచినప్పుడు. పాలు రాని రోజుకి ఇప్పుడు నాన్నే నీలం పెన్నుతో సున్నా చుడుతున్నారు, నా వాటితో కలవకుండా.