లాటిన్‌లో "మొరితూరి" అంటే ఏమిటి? అది ఏ రూపం?

"మొరితూరి తే సలూతంత్" అంటే "చావబోయేవాళ్లు నీకు వందనం చేస్తున్నారు". క్రీ.శ. 52లో ఫూకినుస్ సరస్సు మీద క్లాడియస్ చక్రవర్తి పెట్టించిన నౌకాయుద్ధంలో, పోరాడాల్సినవాళ్లు ఇలా పలికారని రోమన్ చరిత్రకారుడు సుయెటోనియస్ రాశాడు.

"మొరియొర్" (చచ్చిపోతాను) అనే క్రియ నుంచి వచ్చిన భవిష్యత్ రూపం ఇది. మన "చావబోయే" ఎవరి ముందున్నా మారదు: చావబోయే రాజు, చావబోయే రాణి. లాటిన్‌లో అలా కుదరదు. రాజైతే మొరితూరుస్, రాణి అయితే మొరితూరా, పలువురు స్త్రీలైతే మొరితూరై. ఇక్కడ పలువురు మగవాళ్లు, పైగా వాక్యానికి కర్తలు, అందుకే మొరితూరి. విభక్తితోనూ మారుతుంది: "చావబోయేవాణ్ణి" అంటే మొరితూరుమ్.

ఒక్కచోట జాగ్రత్త. చనిపోయినవాడు "మొర్తువుస్" కదా అని "మొర్తూరుస్" అనేస్తారు, నేనూ మొదట్లో అలాగే రాశాను. మధ్యలో "ఇ" ఉండాల్సిందే.