చెప్పినందుకు ఫోన్ పోయింది

ప్రశ్న: మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో, కుందలహళ్లి దగ్గర ఉంటున్నాం. మా బాబుకు 14 ఏళ్లు. ఐదో ఏట ఆటిజం అని తేల్చారు. మాటలు బాగానే వచ్చాయి, మామూలు బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికి మెట్రో అంటే ప్రాణం. రైళ్ల వీడియోలు పెట్టుకోవడానికి మా ఆడపడుచు కొడుకు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచి ఇచ్చాడు, పుట్టిన సంవత్సరం 2000 అని వేశాడట. పోయిన వారం అన్నం తింటూ వాడే చెప్పాడు, ఎవరో ఒకతను నెల రోజులుగా మెట్రో గురించి మాట్లాడుతున్నాడని, సాయంత్రం 4:10కి ఏ గేటు దగ్గర ఉంటావని అడిగితే చెప్పానని, కలుద్దాం, ఇంట్లో మాత్రం చెప్పకు అన్నాడని. మావారు అప్పటికప్పుడు ఫోన్ లాక్కుని ఆ యాప్ తీసేశారు. నాలుగు రోజులుగా బాబు సరిగా తినడం లేదు, నిద్ర లేదు. తరగతి వాట్సాప్ గ్రూపులో పిల్లలు వాడి ఫోటోతో స్టిక్కర్లు చేసి నవ్వుకుంటున్నారని కూడా ఇప్పుడే తెలిసింది. వాడేమో తనను మెచ్చుకుంటున్నారనుకుంటున్నాడు. ఫోన్ తిరిగి ఇవ్వాలా? ఎదుటివాళ్ల మనసు అర్థం కాని పిల్లవాడికి ఇవన్నీ ఎలా నేర్పాలి?

జవాబు: అమ్మా, ముందుగా తొందరగా చేయవలసిన పని ఒకటి ఉంది. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఆ సంభాషణ చెరిగిపోదు, అది ఖాతాలోనే ఉంటుంది. అయితే అవతలి మనిషి తాను పంపిన సందేశాలను ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు కనుక, ఈ రోజే యాప్‌ను మళ్లీ ఎక్కించి, అతడికి ఒక్క ముక్క కూడా జవాబివ్వకుండా, మొదటి పలకరింపు నుంచి చివరి మాట వరకు స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా పేరును, ప్రొఫైల్ లింకును రాసి పెట్టుకోండి. రిపోర్టు చేయడం, బ్లాక్ చేయడం ఆ తరువాతి మాట. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదుల కోసం విడిగా విభాగం ఉంది, పిల్లల సహాయవాణి 1098 ఉంది. ‘అతడి ఉద్దేశం మంచిదేమో, అనవసరంగా రచ్చ అవుతుందేమో’ అని వెనకాడకండి. పద్నాలుగేళ్ల పిల్లవాడిని కలుద్దామని, ఇంట్లో చెప్పకు అని అన్న మనిషి ఉద్దేశాన్ని కనుక్కోవడం పోలీసుల పని, మీది కాదు. కొన్ని వారాలపాటు ఆ సమయంలో బాబు ఆ గేటు దగ్గర ఒంటరిగా ఉండకుండా చూసుకోండి.

ఇక, మీరు మామూలు వివరంలా రాసి దాటేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘అన్నం తింటూ వాడే చెప్పాడు’ అన్నారు. ఎవరూ అడగకుండా, చెప్పకు అన్న మాటతో సహా, ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. ఈ వయసు పిల్లల్లో చాలామంది చేయలేని పని అది. దానికి ఫలితంగా ఫోన్ పోయింది. మీవారిని నేను తప్పు పట్టడం లేదు, ఆ క్షణంలో ఏ తండ్రి చెయ్యి అయినా ముందు ఫోన్ మీదికే వెళుతుంది. కానీ నియమాన్ని అక్షరాలా పట్టుకునే పిల్లవాడు ఆ రాత్రి ‘చెబితే ఫోన్ పోతుంది’ అనే నియమాన్ని నేర్చుకుని ఉంటాడు, దాన్ని చెరిపివేయకుండా మీరు మరేది నేర్పినా నిలవదు.

కాబట్టి ఫోన్ తిరిగి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీవారే, బాబు పక్కన కూర్చుని, ‘నువ్వు చెప్పడం సరైన పని. చెప్పినందుకు ఫోన్ తీసుకోవడం నా పొరపాటు. ఇకమీదట నువ్వు ఏది చెప్పినా, చెప్పినందుకు ఫోన్ తీసుకోను’ అని చెప్పి, ఆ మూడు మాటలూ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ‘ఎప్పటికీ తీసుకోను’ అని మాత్రం రాయవద్దు. రేపు పరీక్షల ముందు గంటసేపు పక్కన పెట్టమంటే అదే కాగితం తెచ్చి చూపిస్తాడు, న్యాయం అతడివైపే ఉంటుంది.

‘తెలియనివాళ్లతో మాట్లాడకు’ అని మీరు ఇదివరకే చెప్పి ఉంటారు. నెల రోజులు రోజూ మాట్లాడిన మనిషి ఇంకా తెలియనివాడు ఎలా అవుతాడు? బాబు తర్కంలో లోపం లేదు, మన వాక్యంలో ఉంది. ‘జాగ్రత్తగా ఉండు’, ‘చూసుకుని మాట్లాడు’ అనే మాటలూ అంతే. వినేవాడు మిగతాది ఊహించుకుంటాడన్న నమ్మకంతో సగం చెప్పి వదిలేసే మాటలవి. వాటి స్థానంలో కంటితో సరిచూసుకోగలిగిన నియమం ఉండాలి: అమ్మో నాన్నో ముఖాముఖి చూసినవాళ్లతోనే విడిగా సందేశాలు. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. కాగితం మీద లేనివాళ్లకు వీడియో కింద, అందరికీ కనిపించే చోట, రైళ్ల గురించి జవాబివ్వవచ్చు, ఇన్‌బాక్స్‌లో కాదు.

అయితే అసలు చిక్కు అక్కడ లేదు. ఆ వ్యక్తి అడిగిన ప్రశ్న బాబుకు మెట్రో ప్రశ్నలాగే వినిపించింది. ఏ గేటు, ఎన్ని గంటలకు అనేవి అతడు సంతోషంగా, పొల్లుపోకుండా చెప్పగలిగిన విషయాలు. అందుకని ఇరవై చిన్న అట్టముక్కలు కత్తిరించి, ఒక్కో దాని మీద ఒక్కో ప్రశ్న రాయండి. ‘పర్పుల్ లైన్‌లో ఎన్ని స్టేషన్లు?’ 37, చెప్పవచ్చు. ‘బయ్యప్పనహళ్లి నుంచి ఎం.జి. రోడ్డుకు మెట్రో ఎప్పుడు మొదలైంది?’ 2011, చెప్పవచ్చు. ‘నువ్వు ఏ స్టేషన్‌లో ఎక్కుతావు?’ ఇక్కడ ఆగాలి. ‘కుందలహళ్లి గేటు దగ్గర సాయంత్రం రద్దీ ఉంటుందా?’ ఇది కష్టమైన ముక్క, దీని దగ్గర మీ ఇద్దరి మధ్య వాదన వస్తుంది, రానివ్వండి. ప్రతి ముక్కకూ వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది రైలు గురించా, నా గురించా? రైలు గురించైతే జవాబు, నా గురించైతే అమ్మ. రోజుకు పది నిమిషాలు చాలు. వారం తరువాత మీ ఫోన్ నుంచి మీరే మారుపేరుతో అడుగుతానని ముందుగా చెప్పి, వేరే గదిలో కూర్చుని సందేశాలు పంపండి. చెప్పకుండా పరీక్షించవద్దు, అది నమ్మకాన్ని పోగొడుతుంది.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి, అడిగిన ప్రశ్నకు జవాబివ్వకుండా వదిలేయడమే పెద్ద బాధ. అందుకని వదిలేయమని చెప్పకుండా, జవాబు ఒకటి చేతికి ఇవ్వండి. ‘మా అమ్మను అడిగి చెబుతాను’ అన్న వాక్యాన్ని ఫోన్ కీబోర్డులో షార్ట్‌కట్‌గా దాచి, రెండక్షరాలు కొడితే పూర్తిగా వచ్చేలా చేయండి. ఇక ‘ఇంట్లో చెప్పకు’ అన్న మాట ఎవరి నోట వచ్చినా, కాగితం మీద పేరున్న బంధువు అన్నా సరే, అది రైలులో అత్యవసర బటన్ నొక్కవలసిన సందర్భంతో సమానమని చెప్పండి. ఆ పోలిక అతడికి మనకంటే బాగా అర్థమవుతుంది.

అమెరికాలో కరోల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు 1990ల మొదట్లో ‘సోషల్ స్టోరీ’ పద్ధతిని రూపొందించారు. మీ బాబు స్పెషల్ ఎడ్యుకేటర్‌కు ఇది తెలిసే ఉంటుంది. ఒక సందర్భాన్ని పిల్లవాడి గొంతుతోనే, ఆజ్ఞలు లేకుండా రాసే చిన్న కథ అది. ఉదాహరణకు: ‘నాకు మెట్రో వీడియోలు పెట్టడం ఇష్టం. చాలామంది వాటిని చూస్తారు. వాళ్లలో కొందరు ఎవరో నాకు తెలియదు. ఇంటికి చేరాక వీడియో పెడితే, నేను ఇప్పుడు ఎక్కడ ఉన్నానో ఎవరికీ తెలియదు. యూనిఫాం, ఐడీ కార్డు కనిపించకపోతే నా బడి ఏదో కూడా తెలియదు. అప్పుడు అందరూ రైలునే చూస్తారు.’ ఇంతే. మీరు రాసింది బాబు చేత చదివించి, అతడు సరిదిద్దితే సరిదిద్దనివ్వండి.

ఖాతా సంగతి తేలికైనదే. పుట్టిన సంవత్సరం 2000 అని వేయడం వల్ల ఇన్‌స్టాగ్రామ్ బాబును పెద్దవాడిగా లెక్కించింది. సాక్ష్యాలు తీసుకోవడం, ఫిర్యాదు ఇవ్వడం పూర్తయ్యాక, అసలు పుట్టినరోజుతో కొత్త ఖాతా తెరవండి. ఆ కంపెనీ 2025లో మన దేశంలో ప్రవేశపెట్టిన టీన్ ఖాతాల్లో ప్రొఫైల్ మొదటి నుంచీ ప్రైవేటుగా ఉంటుంది, బాబు ఫాలో అయ్యేవారు, ఇదివరకే కనెక్ట్ అయినవారు తప్ప ఇతరులు సందేశాలు పంపలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు రావు, 16 ఏళ్లలోపు పిల్లలు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. రక్షణ కోసం పెట్టిన ఈ గేట్లు వయసు అబద్ధం చెప్పినవాడికి తెరిచే ఉంటాయి. మీ ఆడపడుచు కొడుకును కోప్పడనవసరం లేదు గానీ, ఈ మాట అతడికీ చెప్పండి. సెట్టింగులు సగం పనే చేస్తాయి, మిగతా సగం ఆ అట్టముక్కలదే.

ఇదే ప్రశ్న ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, తొందరపాటు ఎక్కువగా ఉండే స్థితి) ఉన్న పిల్లవాడి తల్లి అడిగితే నేను మరో సలహా ఇచ్చేవాడిని. ఆ పిల్లలకు నియమం తెలుసు, ఆలోచన కంటే వేలు ముందు వెళుతుంది. వారికి కావలసింది పంపే ముందు కాస్త విరామం. న్యూరోడైవర్జెంట్, అంటే మెదడు పనితీరు భిన్నంగా ఉన్నవారు, అన్న ఒక్క మాట కింద అందరికీ ఒకే మందు రాసేవారిని చూస్తే నాకు భయమే.

సమయం విషయంలో ‘చాలు, ఇక ఆపు’ అన్నది మీ బాబుకు ఉన్నట్టుండి వచ్చిపడే మాట. పర్పుల్ లైన్‌కు చల్లఘట్టలో చివరి స్టేషన్ ఉంది, రీల్స్‌కు లేదు. అది మీరు కట్టాలి. కంటికి కనిపించే టైమర్, ఐదు నిమిషాల ముందు ఒక హెచ్చరిక, ఆపిన వెంటనే చేయవలసిన నచ్చిన పని ఒకటి ఉంటే గొడవ చాలావరకు తగ్గుతుంది. తిండి, నిద్ర ఇంకో వారంలో కుదుటపడకపోతే బాబును చూసే వైద్యులను కలవండి. 2014 నుంచి నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో ఫోన్, ఇంటర్నెట్ వాడకం సమస్యల కోసమే ‘షట్’ క్లినిక్ నడుస్తోంది, మీరుండే బెంగళూరులోనే ఉంది. ఈలోగా మీకే మనసు బరువెక్కితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా స్టిక్కర్ల సంగతి. ఎదుటివాళ్ల మనసు అర్థం కాని పిల్లవాడు అని రాశారు. తానూ ఆటిజం ఉన్న వ్యక్తే అయిన బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో, ఈ అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని వాదించారు. ఆ తరగతి పిల్లలకు మీ బాబు మనసు అర్థమైందా? క్లాస్ టీచరుతో మాట్లాడేటప్పుడు బాబును మార్చడం గురించి కాకుండా, స్టిక్కర్లు ఆపించడం గురించి మాట్లాడండి, స్క్రీన్‌షాట్లు చూపించండి. బాబుకు కూడా నిజం చెప్పాలి. దాచితే, ఒకరోజు మరెవరో వెటకారంగా చెబుతారు. ‘నీతో కలిసి నవ్వినప్పుడు నీకూ నవ్వు వస్తుంది. ఈ స్టిక్కరు చూసి నీకు నవ్వు వచ్చిందా?’ అని అడిగి, జవాబు కోసం ఆగండి, ఆ ఆగడం ఎక్కువసేపే పట్టవచ్చు. గ్రూపులో ఉంటాడో, బయటికి వస్తాడో అతడినే తేల్చుకోనివ్వండి. ఉంటానంటే, హోంవర్కు కోసం ఉండి, మోత వినబడకుండా మ్యూట్ చేసుకునే దారి కూడా ఉందని చూపించండి.