షెడ్డులో మస్టాంగ్, బ్యాంకులో రెండు నెలలకు చాలని సొమ్ము

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో హెచ్‌-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. వయసు 36. నా భార్య దానికి అనుబంధమైన హెచ్‌-4 వీసా మీద ఉంది, ఉద్యోగం లేదు, బాబుకు ఆరేళ్లు. పన్నులు పోను నెలకు 7,400 డాలర్లు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు 5,600, విజయవాడలో ఉన్న అమ్మానాన్నలకు పంపేది 600. ఏటా మార్చిలో పన్ను పోను 6,000 బోనస్ వస్తుంది. సేవింగ్స్ ఖాతాలో 11,000, 401కె రిటైర్మెంటు పొదుపు ఖాతాలో 62,000, శంకర్‌పల్లి దగ్గర 200 గజాల ప్లాటు ఉన్నాయి. నాకు చిన్నప్పటి నుంచి అమెరికన్ మజిల్ కార్లంటే పిచ్చి. ముందు ఎడమవైపు గుద్దుకుని దెబ్బతిన్న 1967 ఫోర్డ్ మస్టాంగ్ 9,500కు దొరికితే కొన్నాను. లోపల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉంది. బాగు చేయడానికి షాపువారు 38,000 అంచనా వేశారు. శుక్రవారంలోగా 5,000 అడ్వాన్సు కట్టమంటున్నారు. 401కె నుంచి 25,000 అప్పు, 15 నెలలు వడ్డీ లేని క్రెడిట్ కార్డు మీద 10,000, సేవింగ్స్ నుంచి 3,000 తీసుకుందామనుకుంటున్నాను. మేము రోజూ వాడే హోండా మీద టైటిల్ లోన్ (కారు యాజమాన్య పత్రం తాకట్టు పెట్టి తీసే అప్పు) ఇచ్చేవారిని కూడా షాపువారే చూపించారు. వీటిలో ఏ అప్పు చౌక? తర్వాత కారు అమ్మితే లాభం వస్తుందా? అంచనా పత్రం, ఫొటోలు జతచేశాను.

జవాబు: మీరు రాసింది మస్టాంగ్ గురించే అయినా, నేను ఈ ఉత్తరాన్ని తీసుకోవడానికి కారణం అందులోని 11,000 అనే అంకె. వీసా మీద, ఒక్క జీతం మీద నడిచే మన కుటుంబాల్లో ఇల్లు కొనేవారు, ఊళ్లో స్థలం కొనేవారు, స్నేహితులతో కలిసి హోటల్లో వాటా పెట్టేవారు అందరూ నన్ను అడిగేది ఏ అప్పుకు వడ్డీ తక్కువ అనే. ఆ అప్పు తీర్చవలసిన జీతమే రెండు నెలలు రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుందో లెక్క వేసుకుని మరీ రాసేవారు చాలా అరుదు. మీరు కూడా వేయలేదు కాబట్టి ముందుగా ఆ లెక్కే చూద్దాం.

401కె నుంచి తీసే 25,000ను 8.5 శాతం వడ్డీతో ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 513 డాలర్లు కట్టాలి. కార్డు మీది 10,000 వడ్డీ లేని గడువులోపే తీరాలంటే నెలకు 667 కావాలి. రెండూ కలిపితే 1,180. ఇంటి ఖర్చూ, విజయవాడకు పంపేదీ పోను మీకు నెలకు మిగిలేది 1,200. అంటే ఇక మీ చేతిలో ఉండేది 20 డాలర్లు. ఆ ఇరవైలోంచే కారు పెట్టుకున్న స్టోరేజీ షెడ్డుకు 160 అద్దె కట్టాలి. దాని రసీదు ఫొటోల మధ్యలో ఉంది గానీ మీ ఖర్చుల జాబితాలో లేదు. షాపువారు ఒక్క బోల్టు విప్పకముందే మీరు నెలకు 140 డాలర్ల లోటులో పడుతున్నారు.

ఇది జీతం సవ్యంగా వస్తున్నప్పటి మాట. ఉద్యోగం పోతే హెచ్‌-1బీ మీద ఉన్నవారికి దొరికే గడువు 60 రోజులు, ఇక్కడ ఉండే గడువు చూపే ఐ-94 పత్రం అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. ఆ 60 రోజుల్లో మీరు కొత్త యజమాని చేత పిటిషన్ వేయించాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఈలోగా అద్దె ఆగదు, బాబు బడి ఆగదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకునే వీలుంది గానీ అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటాతో సహా మొత్తం ప్రీమియం, దాని మీద మరో 2 శాతం మీరే కట్టాలి. ముగ్గురున్న కుటుంబానికి నెలకు 1,700 వేసుకోండి, ఎక్కువేమీ కాదు. ఇంటి ఖర్చు 5,600, అమ్మానాన్నలకు 600, బీమాకు 1,700, కార్డుకు 667 కలిపితే నెలకు 8,567. మస్టాంగ్‌కు 3,000 తీశాక మీ సేవింగ్స్‌లో మిగిలేది 8,000. ప్రభుత్వం మీకు 60 రోజులు ఇస్తే, మీరు దాచుకున్న డబ్బు మిమ్మల్ని 30 రోజులు కూడా నిలబెట్టదు. అమ్మానాన్నలకు పంపేది ఆపేస్తానని మాత్రం చెప్పకండి. మీరు ఆపలేరని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పైగా అదే సమయానికి 401కె అప్పు కూడా మెడకు చుట్టుకుంటుంది. ఉద్యోగం వదిలిన తర్వాత, బాకీ ఉన్న మొత్తాన్ని మరుసటి ఏడాది పన్ను రిటర్ను గడువులోగా ఏదైనా రిటైర్మెంటు ఖాతాలో తిరిగి జమ చేయకపోతే దాన్ని మీరు వాడేసుకున్న ఆదాయంగానే లెక్కగడతారు. దాని మీద ఆదాయపు పన్ను ఉంటుంది. 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి 10 శాతం జరిమానా కూడా ఉంటుంది. అప్పటికి 20,000 బాకీ ఉంటే జరిమానా ఒక్కటే 2,000. మన డబ్బు మనమే తీసుకుంటున్నాం కదా అని అందరూ అనుకునే ఈ అప్పు, జీతం ఆగిన నెలలోనే తన అసలు ధర చెబుతుంది.

మరీ అవసరమైతే ప్లాటు అమ్ముకోవచ్చని మీ మనసులో ఉండే ఉంటుంది. శంకర్‌పల్లి ప్లాటుకు కొనేవాడు దొరకాలి, ఇక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, మీరు ఎన్నారై కాబట్టి కొనేవాడు టీడీఎస్ పట్టుకోవాలి, ఆ తర్వాత సీఏ చేత ధృవపత్రం రాయించుకుని బ్యాంకు ద్వారా డబ్బు ఇటు తెప్పించుకోవాలి. 60 రోజుల్లో రిజిస్ట్రేషన్ పూర్తయినా గొప్పే. ప్లాటు ఆస్తే, కాదనను. అత్యవసర నిధి మాత్రం కాదు. ఎన్నారైలు భారత్‌లో వేసుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ కూడా ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ రాదు కాబట్టి నిధిలో పెద్ద భాగం అక్కడ పెట్టకండి. బ్యాంకు మునిగినా డిపాజిట్‌ను కాపాడే ఎఫ్‌డీఐసీ బీమా ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతా చాలు.

ఇక షాపువారి అంచనా. పెయింటు గీకకముందు వేసే అంచనా ఏదైనా సగం ఊహే, అందులోనూ ఈ కాలపు మస్టాంగ్‌లలో తుప్పు పైకి కనిపించని చోటనే మొదలవుతుంది. అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటుంది. దాని మీద ఒక బకెట్టు నీళ్లు మెల్లగా పోసి, లోపల డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూడండి. కార్పెట్ మీదికి చుక్కలు పడ్డాయంటే ఆ జాలీ కింది రేకు తిన్నదని అర్థం. దాన్ని బాగు చేయాలంటే స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే డ్రిల్లుతో ఊడదీసి, కొత్త రేకు పెట్టి మళ్లీ వెల్డింగ్ చేయాలి. రేకు ఖరీదు తక్కువే, కూలీ గంటలే ఎక్కువ. మీ పత్రంలో ఈ పని ఊసే లేదు. అలాగే తలుపుల కింది అంచుల మీద పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని జరిపి చూడండి. అతుక్కోని చోట ఉన్నది ఇనుము కాదు, పుట్టీ.

అంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. మీ ఫొటోలో చక్రానికి నాలుగే నట్లు కనిపిస్తున్నాయి. మీరు పంపిన విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్యలో) ఐదో స్థానంలో ఉన్నది టీ అక్షరం. ఆ రెండూ చెప్పేది ఒకటే: ఇది ఫ్యాక్టరీ నుంచి 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన హార్డ్‌టాప్ (మామూలు గట్టి పైకప్పు రకం), వీ8ను తర్వాత ఎవరో బిగించారు. వీ8తో వచ్చిన కార్లకు ఐదు నట్లుంటాయి, బ్రేకులూ వెనుక యాక్సిలూ అందుకు తగ్గట్టే బలంగా ఉంటాయి. మీ కారులో ఇంజిన్ మారింది గానీ ఆగే బలం మారలేదు. ఆ మార్పులకయ్యే ఖర్చు 38,000లో లేదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ కార్లలో విన్ నంబరును డ్రైవరు వైపు, అంటే ఇక్కడ ఎడమవైపు, ఇంజిన్ పక్కనుండే లోపలి ఫెండర్ ఏప్రన్ రేకు మీద గుద్దుతారు. మీ కారుకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే, అంచనాలో ‘ఎడమ ఏప్రన్ మార్పిడి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ రేకును కోసి చెత్తలో పడేస్తే దాంతోపాటు మీ కారు గుర్తింపూ పోతుంది, రేపు టైటిల్ విషయంలో చిక్కు వస్తుంది. కోతకు ముందే ఆ భాగాన్ని ఎలా కాపాడతారో షాపువారి చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి, రాష్ట్ర వాహనాల శాఖను కూడా అడగండి.

లాభం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. 1967లో ఫోర్డ్ తయారుచేసిన మస్టాంగ్‌లలో హార్డ్‌టాపులే మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. అందరూ వెతికే, పైకప్పు వెనక్కి ఏటవాలుగా దిగే ఫాస్ట్‌బ్యాకులు 71 వేలు. ఆరు సిలిండర్లతో పుట్టి ఇంజిన్ మారిన హార్డ్‌టాప్ మీద 9,500కు తోడు 38,000 పెట్టి, ఆ 47,500 తిరిగి రాబట్టగలనని నమ్మకండి. సొంతానికి వాడుకునే కారు మీద నష్టం వస్తే పన్నులో తగ్గింపు ఉండదు, లాభం వస్తే పన్ను ఉంటుంది. ఇష్టం కోసం ఖర్చు పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. దానికి పెట్టుబడి అని పేరు పెట్టి అప్పు తేవడమే నాకు నచ్చదు.

టైటిల్ లోన్ గురించి మాట్లాడటానికే నాకు ఓపిక లేదు. ఇలాంటి అప్పులకు నెలకు 25 శాతం రుసుము మామూలు. ఏడాదికి అది 300 శాతం. కట్టలేకపోతే పోయేది మస్టాంగ్ కాదు, మీరు ఆఫీసుకూ బాబు బడికీ వెళ్లే హోండా. మరమ్మతు చేయవలసిన షాపే అప్పు ఇచ్చేవారిని చూపిస్తోందంటే, మీ జేబులో ఎంత లేదో వారు అప్పుడే లెక్క కట్టేశారని అర్థం. స్నేహితుల చిట్టీలో పాట పాడుకున్నా అది కూడా అప్పే.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. వారి అపార్ట్‌మెంటు బాల్కనీలో చాపలో చుట్టిన పాత కమారో కారు బంపరు, అరిటాకంత పొడవైన తుప్పు పట్టిన రేకులు, పేర్లు రాయని డబ్బాల్లో బోల్టులు ఉండేవి. ఉద్యోగం పోయాక షాపు బిల్లు ఆగింది. బిల్లు కట్టేదాకా బండిని తన దగ్గరే అట్టిపెట్టుకునే హక్కు టెక్సస్ చట్టం మరమ్మతుదారుకు ఇస్తుంది. చివరికి బండి షాపులో, బంపరు బాల్కనీలో మిగిలాయి. వారికి లేనిది కారు మీద ప్రేమ కాదు, ఆరు నెలల ఖర్చు.

మీకు కావలసిన ఆరు నెలల నిధి, నెలకు 6,200 చొప్పున 37,200. చేతిలో 11,000 ఉన్నాయి కాబట్టి తక్కువైంది 26,200. నెలకు 1,000 పక్కన పెట్టి, ఒక్క మార్చి బోనస్ కలిపినా 20 నెలల పైచిలుకు పడుతుంది. రెండు మార్చిలు కలిసొస్తే ఏడాది దాటిన కొద్ది నెలలకే పూర్తవుతుంది. 1967లో పుట్టిన బండికి ఇదేమంత ఆలస్యం కాదు. మిగిలిన 200లో షెడ్డు అద్దె పోను 40 డాలర్లు ఉంటాయి. వాటితో ఇసుక కాగితం, తుప్పు ఆపే ప్రైమరు వస్తాయి. విప్పే పని మీరే చేసుకోండి, ప్రతి బోల్టునూ సంచిలో వేసి పేరు రాయండి. నిధి నిండిన నెల నుంచి ఆ 1,000 కారుకు మళ్లించి ముందు ఫ్లోర్ రేకులు, బ్రేకులు, చివర పెయింటు చేయించండి. ఈ కారుకు దాదాపు ప్రతి రేకూ ఇప్పటికీ కొత్తగా తయారై దొరుకుతుంది. నగదు అయిపోతే పని ఆపండి.

మామూలు కారు పాలసీ పాత కారుకు వాడకంలో తగ్గిన విలువే ఇస్తుంది కాబట్టి, ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే క్లాసిక్ కారు పాలసీ, మరమ్మతులో ఉన్నప్పుడు కూడా వర్తించేది, వెతకండి. మీ పేరు మీద టర్మ్ బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ వారంలోనే తీసుకోండి, ప్రీమియం ఆ నెల 1,000లోంచి పోయినా ఫరవాలేదు.

శుక్రవారం 5,000 అడ్వాన్సు అడిగారన్నారు. ఇవ్వకండి. ఆ రోజు సాయంత్రం షెడ్డుకు వెళ్లి బకెట్టు నీళ్లు పోసి చూడండి, కార్పెట్ తడిసిందో లేదో నాకు రాయండి.