నూనె మారితే బంతి నడక మారుతుంది

ప్రశ్న: నేను టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే పొడవాటి బాట చివరన నిలబెట్టిన పది పిన్‌లను బంతి దొర్లించి పడగొట్టే ఆట) ఆడే కుడిచేతి వాటం బౌలర్‌ని. పట్టు ఎక్కువగా ఉండే రియాక్టివ్ రెసిన్ పై పొర గల బంతితో ఆడుతున్నాను. ఒకచోట చక్కగా హుక్ అయ్యే (చివర్లో ఎడమకు వంపు తిరిగే) ఈ బంతి మరోచోట చివరిదాకా నేరుగా జారిపోతోంది. ఆట మొదట్లో బాగానే ఉండి, రెండు మూడు గేమ్‌లయ్యేసరికి ముందుగానే ఎడమకు తిరిగిపోవడం కూడా చూస్తున్నాను. బంతి పాడైందంటారా? కొత్తది కొనవలసిందేనా?

జవాబు: ఒకే బంతి రెండు విధాలుగా ప్రవర్తిస్తోందంటే, ముందుగా అనుమానించవలసింది లేన్ మీది నూనెను. ఫౌల్ లైన్ (విసిరేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ వరకు దూరం 60 అడుగులు. అందులో సుమారు మొదటి 40 అడుగులకే నూనె పూస్తారు. నూనె మీద ఘర్షణ తక్కువ కనుక బంతి జారుతుంది, మీ చేయి ఇచ్చిన భ్రమణం ఖర్చు కాకుండా నిలిచి ఉంటుంది. పొడి భాగం తగలగానే ఆ భ్రమణం పట్టు దొరకబుచ్చుకొని బంతిని పక్కకు తిప్పుతుంది. పూత 44 అడుగుల దాకా సాగితే తిరగడానికి మిగిలే దూరం తగ్గుతుంది. మీ బంతి నేరుగా పోవడానికి ఇదొక కారణం కావచ్చు.

పొడవు ఒక్కటే చూస్తే చాలదు. మామూలు ఆటలకు వేసే పూతలో నూనె మధ్యలో దట్టంగా, అంచుల్లో పలుచగా ఉంటుంది కాబట్టి కొంచెం కుడికి తప్పిన బంతిని పొడి అంచు వెనక్కి తెస్తుంది, ఎడమకు తప్పినదాన్ని నడిమి నూనె తిరగనివ్వదు. పోటీల పూతల్లో ఈ తేడా బాగా తగ్గుతుంది, కనుక ఆ సాయం మీకు అందదు.

ఇక గేమ్‌లు గడిచేకొద్దీ జరిగేది వేరు. సూక్ష్మ రంధ్రాలున్న రెసిన్ బంతులు తాము నడిచిన దారిలోని నూనెను పీల్చుకుంటాయి, దాంతో ఆ దారి పొడిబారుతుంది. ముందే పట్టు దొరికిన బంతి ముందే తిరగడమే కాదు, శక్తిని దారిలోనే ఖర్చు చేసి పిన్‌లను బలహీనంగా తాకుతుంది. అప్పుడు విసురు వేగం పెంచే ప్రయత్నం కంటే, పాదాలను, గురిని ఎడమకు జరిపి ఇంకా నూనె ఉన్న భాగంలో ఆడటమే మేలని నా అభిప్రాయం. ప్రతి విసురుకు ముందు బంతిని గుడ్డతో తుడవండి.

కొత్త బంతి కొనేముందు ఉన్నదాని ఉపరితలాన్ని పట్టించుకోండి. ప్రకటనలు బంతి లోపలి బరువు ముద్ద అయిన కోర్ గురించి ఎంతో చెబుతాయి గానీ, నూనె మీద బంతి నడకను ఎక్కువగా నిర్ణయించేది పై పొరే. దట్టమైన నూనెకు 500 లేదా 1000 గ్రిట్‌తో (గరుకు కాగితపు కొలత; అంకె పెరిగేకొద్దీ నునుపు) గరుకు చేసిన పొర పనికొస్తుంది; పలుచని నూనెకు 4000 గ్రిట్ నునుపు, లేదా పాలిష్ చేసిన పెర్ల్ (ముత్యపు మెరుపు కలిపిన) పొర నయం. మొదటి విసురు తరువాత మిగిలిన ఒక్క పిన్ కోసం నేరుగా వేయాలంటే ప్లాస్టిక్ బంతికి సాటి లేదు. గరుకు చేయడం పోటీకి ముందే ముగించండి, ఆట మొదలయ్యాక నిబంధనలు ఒప్పుకోవు.

శుభ్రం చేసి, గరుకు చేసిన తరువాత కూడా పొట్టి పూత మీద బంతి తిరగకపోతే, రంధ్రాలు నూనెతో నిండిపోయి ఉండవచ్చు. ప్రో షాపులో (బౌలింగ్ సామగ్రి అమ్మి, బాగుచేసే దుకాణంలో) తక్కువ వేడితో ఆ నూనెను బయటికి తీయిస్తారు. అదీ ఫలించకపోతేనే కొత్త బంతి కోసం చూడండి.