లూప్ నడుస్తుండగా వెక్టర్ మారితే: ఎరేజ్‌ను సరిదిద్దినా క్రాష్ ఎందుకు ఆగదు?

మీరు సి ప్లస్ ప్లస్‌లో ఒక వెక్టర్ (అంశాలను పక్కపక్కనే ఉంచే, అవసరాన్ని బట్టి పెరిగే జాబితా) మీద లూప్ నడుపుతూ, అక్కర్లేని అంశాలను మధ్యలోనే తొలగిస్తున్నారు. అంశాన్ని తొలగించే ఫంక్షన్ ఎరేజ్ తిరిగి ఇచ్చే ఇటరేటర్‌ను, అంటే తరువాతి అంశం ఎక్కడుందో చూపేదాన్ని, పట్టుకునే ముందుకు వెళ్తున్నారు. అయినా ప్రోగ్రామ్ ఒక్కోసారి చక్కగా నడుస్తూ, ఒక్కోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకున్నప్పుడు వచ్చే లోపం) పడిపోతోందని రాశారు. ఎరేజ్ దగ్గర మీరు చేసింది సరైనదే. కాబట్టి ఆ వరుసను వదిలేసి, లూప్ లోపలి నుంచి పిలుస్తున్న ఫంక్షన్లలో ఏదైనా అదే వెక్టర్‌కు కొత్త అంశాన్ని చేరుస్తోందేమో వెతకండి. నేను ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

భీమవరం దగ్గర నాకు బాబాయి వరుసయ్యే రైతుకు 12 వనామీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు, నీటిలో ఉన్న ఆక్సిజన్‌ను మాత్రం రొయ్యలూ ప్లాంక్టనూ వాడుకుంటూనే ఉంటాయి కనుక, వేకువజామున అది బాగా పడిపోతుంది. ఏ చెరువులోనైనా ఆక్సిజన్ మేము పెట్టిన హద్దు కంటే తగ్గితే ఆ చెరువు ఏరియేటర్లను (నీటిలోకి గాలి కలిపే యంత్రాలను) ఆన్ చేసి, బాబాయి ఫోనుకు సందేశం పంపే చిన్న ప్రోగ్రామ్ రాసి, గట్టు మీది షెడ్డులో ఒక చిన్న కంప్యూటర్ బోర్డులో పెట్టాను. హెచ్చరికలన్నీ ఒక వెక్టర్‌లో ఉంటాయి. లూప్ వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ పని పూర్తి చేస్తుంది. కొన్ని వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఒకనాడు తెల్లవారకముందే ఫోను మోగింది.

“ఏరా అబ్బాయ్, మనకున్నయ్యి పన్నెండు చెరువులేగదా, ఈ ముప్పై రెండు వేల ఏడొందల నంబరు చెరువు ఎక్కడుందిరా? కొల్లేట్లోనా?”

నేను చూసేసరికి ప్రోగ్రామ్ పడిపోయి ఉంది. జరిగింది ఇది. ఆ వేకువన ఆరు చెరువులకు హెచ్చరికలు వచ్చాయి, అదే సమయానికి కరెంటు పోయింది. ఏరియేటర్‌ను ఆన్ చేసే ఫంక్షన్, మోటారు తిరగడం లేదని గమనిస్తే “ఏరియేటర్ ఆగింది” అనే మరో హెచ్చరికను అదే వెక్టర్ చివర చేరుస్తుంది. ఆ పని చేసే వరుసను రాసింది నేనే, కానీ అది వేరే ఫైలులో ఉంది, లూప్ రాసేటప్పుడు నాకది గుర్తులేదు. జీసీసీ కంపైలర్‌తో వచ్చే లైబ్రరీలో వెక్టర్ సామర్థ్యం నిండినప్పుడల్లా రెట్టింపవుతుంది: 1, 2, 4, 8, 16. ఆరు హెచ్చరికలున్న వెక్టర్‌కు ఎనిమిదింటి చోటు ఉంటుంది. మొదటి చెరువు పని చూస్తుండగా ఏడోది చేరింది, రెండో చెరువు దగ్గర ఎనిమిదోది చేరింది, రెండు సందేశాలూ సరిగ్గానే వెళ్లాయి. మూడో చెరువు దగ్గర తొమ్మిదోది చేరగానే వెక్టర్ మెమరీలో 16 అంశాలకు సరిపడే కొత్త జాగా తీసుకుని, అన్నిటినీ అక్కడికి మార్చి, పాత జాగాను విడుదల చేసేసింది. నా లూప్ చేతిలోని రిఫరెన్స్ (అంశం ఉన్న చోటును చూపే మరో పేరు) మాత్రం ఆ పాత జాగానే చూపిస్తోంది. చెరువు నంబరు అక్కడి నుంచి చదివితే వచ్చిన చెత్తే బాబాయికి వెళ్లిన ఆ సంఖ్య.

ఇంట్లో నా బల్ల మీద ఇది ఎప్పుడూ బయటపడకపోవడానికి కారణం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది: షెడ్డులోని బోర్డుకు బ్యాటరీ ఉంది, నా బల్ల మీది బోర్డుకు లేదు. ఇంట్లో కరెంటు పోతే పరీక్షించాల్సిన ప్రోగ్రామే ఆగిపోయేది.

ఆ రోజుకు గట్టెక్కడానికి వెక్టర్‌కు ముందుగానే 64 అంశాల చోటు రిజర్వ్ చేసి పంపాను. క్రాష్ ఆగింది, కానీ దాన్ని పరిష్కారం అనుకోకండి. అరవై అయిదోది వచ్చే రోజు వరకు తప్పును దాచడమే అది. అసలు కారణాన్ని అడ్రస్ శానిటైజర్ పట్టిచ్చింది; ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ తప్పులను పట్టే సాధనం అది. ఆ ఉదయపు సెన్సర్ రీడింగులను ల్యాప్‌టాప్‌లో మళ్లీ నడిపించి, మోటారు తిరగడం లేదన్న జవాబును కోడ్‌లోనే కల్పించి, శానిటైజర్‌తో కంపైల్ చేశాను. దాని రిపోర్టు మూడు భాగాలుగా వస్తుంది: విడుదలైన మెమరీని ఎక్కడ చదివారు, దాన్ని ఎవరు విడుదల చేశారు, మొదట ఎవరు కేటాయించారు. అందరూ మొదటి భాగం చదివి ఆగిపోతారు. నాకు పనికొచ్చింది రెండోది, ఎందుకంటే వెక్టర్ చివర అంశాన్ని చేర్చే పుష్ బ్యాక్‌ను పిలిచింది ఏరియేటర్ ఫంక్షనేనని అక్కడే కనిపించింది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఎరేజ్ వల్ల వెక్టర్ జాగా మారదు, తీసేసినదాని తరువాతి అంశాలు ఒక్కో స్థానం మొదటి వైపుకు జరుగుతాయంతే. అందువల్ల ఎరేజ్‌తో చెడిన ఇటరేటర్‌ను శానిటైజర్ చాలాసార్లు పట్టదు. దానికి జీసీసీ లైబ్రరీలోని డీబగ్ మోడ్‌ను ఆన్ చేసి నడపాలి.

చివరికి నేను చేసిన మార్పు చిన్నదే. లూప్ నడుస్తున్నంతసేపు ఆ వెక్టర్‌లో ఎవరూ అంశాలను చేర్చకూడదు, తీయకూడదు. ఫంక్షన్లు కొత్త హెచ్చరికలను “రావలసినవి” అనే వేరే వెక్టర్‌లో వేస్తాయి, పని అయిపోయిన వాటికి లూప్ ఒక గుర్తు మాత్రం పెడుతుంది. చుట్టు పూర్తయ్యాక, గుర్తు పెట్టిన వాటిని సి ప్లస్ ప్లస్ 20లో వచ్చిన ఎరేజ్ ఇఫ్‌తో ఒకేసారి తీసేసి, ఆ తరువాత కొత్తవాటిని చేరుస్తాను. పాత కంపైలర్ అయితే రిమూవ్ ఇఫ్, ఎరేజ్ రెండూ కలిపి రాస్తే సరిపోతుంది. మా డెల్టాలో షట్టర్ల మరమ్మతులు వేసవిలో కాలువలు కట్టేశాకే చేస్తారు కదా, బాబాయికి ఈ మార్పును ఆ మాటతోనే చెప్పాను.

ఇటరేటర్ బదులు ఇండెక్స్‌తో, అంటే అంశం వరుస సంఖ్యతో, లూప్ రాస్తే చాలని మీకు ఎవరైనా చెప్పవచ్చు. చివర చేర్చడం మాత్రమే జరిగితే ఇండెక్స్ చెడదన్నది నిజమే. కానీ ఆ ఇండెక్స్‌లోని అంశానికి ఒక రిఫరెన్స్ తీసుకుని, ఫంక్షన్‌ను పిలిచి, తిరిగి వచ్చాక అదే రిఫరెన్స్‌ను వాడితే మళ్లీ అదే గోతిలో పడతారు. వెక్టర్‌ను మార్చకుండా ఉండలేని పరిస్థితే అయితే, కావలసిన విలువలను ఫంక్షన్‌ను పిలవకముందే కాపీ చేసుకోండి. వెక్టర్ బదులు లిస్ట్ (అంశాలను విడివిడి చోట్ల ఉంచి గొలుసులా కలిపేది) వాడితే చేర్చినా ఇటరేటర్లు చెడవు, తొలగించిన అంశానిది ఒక్కటే చెడుతుంది. అయితే ఇక్కడ అది నాకు నచ్చదు: క్రాష్ పోయినా, లూప్ మధ్యలో చేరినవి ఈ చుట్టులోనే నడుస్తాయి, నడుస్తూ మరికొన్నింటిని చేరుస్తాయి, అది ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం.

మీ లూప్ పిలిచే ఫంక్షన్లలో వెక్టర్ పరిమాణాన్ని మార్చే పుష్ బ్యాక్, ఎంప్లేస్ బ్యాక్, ఇన్సర్ట్, రీసైజ్ ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు వెతకండి. వెక్టర్‌ను లూప్‌కు కాన్‌స్ట్ రిఫరెన్స్‌గా, అంటే చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా, ఇస్తే (అప్పుడు పని అయిన వాటి గుర్తులను వెక్టర్ బయట పెట్టుకోవాలి), లూప్‌లో నేరుగా మార్చే వరుసలను కంపైలరే ఆపుతుంది. వేరే ఫైలులో దాగిన వాటిని మాత్రం అది ఆపలేదు. అవి దొరకకపోతే శానిటైజర్ రిపోర్టులోని రెండో భాగాన్ని ఇక్కడ పెట్టండి, చూస్తాను.